కరెంటు ప్లాంటులో చెత్త కాల్చవచ్చు, వీధి చివర ఎందుకు కాల్చకూడదు?



సైన్స్ క్లాసులో ఒక పాప అడిగింది: "టీచర్, కరెంటు ప్లాంటులో చెత్త కాలుస్తారట కదా, మరి మేం కాలిస్తే ఎందుకు వద్దంటారు?" ఈ ప్రశ్న మీ ఇంటికీ రావచ్చు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

రామగుండం, సింహాద్రి లాంటి థర్మల్ కేంద్రాల్లో బొగ్గును పొడిగా మరపట్టి, గాలితో కలిపి బాయిలర్‌లోకి ఊదుతారు. గడ్డిని అలా మరపట్టడం కష్టం. పచ్చి కరివేపాకును మిక్సీలో వేసి చూడండి, సరిగ్గా పొడి కాదు. మూకుడులో వేయిస్తే మాత్రం చేత్తో నలిపినా పొడైపోతుంది. వరిగడ్డినీ, పత్తికట్టెనూ గాలి తగలకుండా 200 నుంచి 300 డిగ్రీల వేడిలో ఉంచితే జరిగేది దాదాపు ఇదే. దీన్ని టారిఫ్యాక్షన్ అంటారు. మంట రాదు. తేమ, కొన్ని ఆవిర్లు పోయి గడ్డి నల్లగా, పెళుసుగా మారుతుంది. తర్వాత వాన తగిలినా అంతగా నీరు పీల్చదు.

థర్మల్ కేంద్రాలు బొగ్గుతో పాటు 5 శాతం పంట వ్యర్థాల గుళికలు వాడాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులో విధానం తెచ్చింది. వారణాసిలో ఎన్టీపీసీ నగర చెత్తనే బొగ్గులాంటి ఇంధనంగా మార్చే ప్లాంటు పెట్టింది.

ఇక ప్లాస్టిక్. పాల కవర్ల పాలిథీన్ పెట్రోలియం నుంచి వచ్చిందే. కిలోకు మన బొగ్గుకు రెట్టింపు కంటే ఎక్కువ వేడినిస్తుంది. కరిగి గడ్డిపొడిని అతికించే జిగురుగానూ పనికొస్తుంది. అయినా రీసైకిల్ అయ్యేదాన్ని కాల్చడం నాకు సమ్మతం కాదు. గడ్డి వదిలే కార్బన్ నిన్నమొన్న గాలిలోంచి తీసుకున్నదే, ప్లాస్టిక్‌ది అలా కాదు.

అసలు చిక్కు పీవీసీతో. దాని బరువులో 57 శాతం క్లోరిన్. కాలితే ఆమ్ల వాయువు వచ్చి బాయిలర్ గొట్టాలను తినేస్తుంది. డయాక్సిన్లనే విషాలూ పుట్టవచ్చు. వాటిని అణచాలంటే 850 డిగ్రీలకు పైన కనీసం 2 సెకన్లు ఉంచాలి, పొగను వడకట్టాలి. ప్లాంటులో ఆ వేడీ, వడపోతా ఏర్పాటు చేయవచ్చు. వీధి చివర మంటకు అంత నిలకడైన వేడి ఉండదు, చిమ్నీ ఉండదు. పొగ మీ పిల్లల ముక్కు ఎత్తులోనే తిరుగుతుంది.

పాత పైపు ముక్కలు, ఫ్లెక్సీలు, వైర్ల తొడుగులు ఎక్కువగా పీవీసీవే. వాటిని పొడి చెత్తలో కలపకుండా వేరే సంచిలో పెట్టి, చెత్త బండి వాళ్లకు చెప్పి ఇవ్వండి. ఆ సంచి కట్టే పని పిల్లలకే అప్పగించవచ్చు.