పాత టీవీ గేమ్ కొంటున్నారా? ముందు డబ్బా టీవీ వెతకండి

పోయిన ఆదివారం ఆలేరులో రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి ఎర్రగడ్డ సండే మార్కెట్‌కు పోయిన. చిన్నప్పుడు తుపాకీతో బాతుల్ని కొట్టే గేమ్ ఆడినం కదా, దానికోసం. దొరికింది! 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్‌కి అది నకలు. మన ఊళ్లల్లో ఎక్కువగా ఆడింది ఈ నకళ్ల మీదనే. క్యాసెట్ మీద 9999 గేమ్స్ అని రాసుంటే నమ్మకండి, తిప్పి తిప్పి అవే కొన్ని గేమ్స్ వస్తయి.

ఇంటికొచ్చి ఎల్‌ఈడీ టీవీకి పెట్టిన. మారియో మంచిగనే ఆడింది. తుపాకీకి మాత్రం ఒక్క బాతూ పడలే. చెడిపోయింది అంటగట్టిండని అమ్మినాయన్ని తిట్టుకున్న. ఆయన తప్పేం లేదు.

అసలు ఆ తుపాకీ నుంచి ఏమీ బయటికి రాదు, అది వెలుతురును చూస్తది అంతే. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ క్షణంపాటు నల్లగయి, బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తది. డబ్బా టీవీ ఆ మెరుపును అప్పటికప్పుడు గీస్తది. ఎల్‌ఈడీ టీవీ కొంచెం ఆలస్యంగ చూపిస్తది. ఆలోపే గేమ్ 'గురి తప్పింది' అని లెక్కేసుకుంటది.

మా డబ్బా టీవీని నిరుడు పాత సామాన్లాయనకు ఇచ్చేసింది నేనే. అమ్మ వద్దన్నా వినలే. ఇప్పుడు ఊళ్లో ఇల్లిల్లూ అడుగుతున్న.