శరదృతుచర్య – బతుకమ్మ పండుగ

వానలు వెనుదిరిగి, ఆకాశం తేటపడి, బీడు భూములలో తంగేడు, పొలం గట్లపై గునుగు విరబూసే కాలం శరత్తు. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై ఆశ్వయుజ శుద్ధాష్టమికి సద్దులతో ముగిసే బతుకమ్మ పండుగ ఈ ఋతువు ఆరంభంలోనే వస్తుంది. 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటింపబడిన తరువాత తెలంగాణ నగరాలలోని అపార్టుమెంట్లలోను, విదేశాలలోని తెలుగువారి నడుమను కూడ ఇది వైభవంగా జరుగుతున్నది. మిక్కిలి సంతోషం. అయితే ఈ పండుగలోని ఆరోగ్యసూత్రం కూడ మనకు తిరిగి దక్కిందా అన్నది ఆలోచింపదగిన విషయం.

వర్షర్తువులో సంచితమైన పిత్తం శరత్తులో ప్రకోపిస్తుందని ఆయుర్వేదం చెబుతున్నది. పుల్లని త్రేన్పులు, కళ్ళమంటలు, తలనొప్పి, చిరాకు ఈ రోజులలో అధికం. దీనికి చరకాచార్యులు ఆహార నియమాలతోపాటు ఆ ఋతువున పూచే పూలను ధరించుటను, శుభ్రమైన వస్త్రాలను, సాయంవేళ వెన్నెలను విధించారు. పూలు పేర్చి, కొత్తబట్టలు కట్టి, పెరిగే నెలవంక క్రింద ఆరుబయట ఆడే బతుకమ్మలో ఈ మూడింటి ఛాయలూ కనబడతాయి.

అట్లని పండుగలో ప్రతిదీ ఔషధమే అనుట సరికాదు. శరత్తులో పెరుగు, అందునా రాత్రివేళ, చరకసంహితలో నిషిద్ధం. నువ్వులు ఉష్ణవీర్యం గలవి. కనుక సద్దులలో పెరుగన్నం, నువ్వుల సద్ది ప్రసాదంగా కొద్దిగా స్వీకరించాలి. ఆమ్లపిత్తం ఉన్నవారు చింతపండు పులిహోరను కూడ మితంగానే తినాలి. తంగేడు పూవును మధుమేహంలో వాడుట వైద్యంలో ఉన్నదే. కాని ఆ నమ్మకంతో వాడుతున్న మందులు మానరాదు. రంగులద్దిన పూలను కషాయానికి ఎన్నడూ ఉపయోగించరాదు.

కిందటి ఏడు ఈ రోజులలోనే, పల్లె విడిచి కొడుకు వద్దకు వచ్చిన ఒక పెద్దావిడ నిద్రలేమి, కడుపుమంటలతో నా వద్దకు వచ్చింది. "బతుకమ్మ ఆడుతున్నారా అమ్మా?" అని అడిగాను.

"పేర్చిన బతుకమ్మను కొనుక్కొస్తారు, వైద్యులుగారూ. మైకులో పాటలు పెడతారు. నేను కుర్చీలో కూర్చుని చూస్తాను" అన్నది.

ఔషధంతోపాటు, ఇంటి పిల్లలకు పూలు పేర్చుట నేర్పమనీ, సాయంత్రం వారితో కలిసి నాలుగు చుట్లు తిరగమనీ చెప్పాను. పదిహేను రోజుల తరువాత వచ్చినప్పుడు ఆమె ముఖంలో కళ కనబడింది, నిద్ర కుదుటపడింది. అది ఔషధం వల్లనే అని నేను చెప్పలేను. ఇరుగుపొరుగు పిల్లలు పాటలు నేర్చుకొనుటకు రోజూ తన వద్దకు వస్తున్నారని ఆమె మురిసిపోతూ చెప్పింది.

కనుక గృహిణులకు నా మనవి ఇది. థర్మోకోల్‌, ప్లాస్టిక్‌ పూలు మాని ఒక్క వరుసైనా చేతులతో పేర్చండి. మైకు తగ్గించి గొంతెత్తి పాడండి; చప్పట్లు చరుస్తూ మెల్లగా అడుగు వేయండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలను వలయం మధ్య కూర్చుండబెట్టి పాట అందుకోమనండి. జొన్నరొట్టె, బెల్లం, నెయ్యి కలిపిన మలీదను పంచి, రాత్రి పొద్దుపోకముందే భుజించి నిద్రించండి. తంగేడును కొమ్మలతో విరవక పూలు మాత్రమే కోయండి; వచ్చే ఏటికి కూడ ఆ పొద మిగలాలి.