తీగ మీదుగా మేలుకొలుపు

పండుగకు ఇల్లు దులుపునప్పుడు అటకమీదినుండి దిగివచ్చు వస్తువులలో, ఇత్తడి గంగాళమునకును ఉయ్యాల గొలుసులకును తోడుగా, ఈ కాలమున పాత కంప్యూటరు ఒకటి కానవచ్చుట సామాన్యమైనది. మొన్నటి సంక్రాంతికి మాయింట దిగిన యంత్రమునకు తెరయు మీటలును సరిగానే యున్నవి గాని, హార్డ్ డిస్కు మాత్రము ప్రాణము విడిచియున్నది. అట్టిదానిని మరల పనికి తేవలెనన్నచో ముందుగా పెన్ డ్రైవు నొకదానిని వెదకి, అందులోని పెండ్లి ఫోటోలను వేఱొకచోట దాచి, లైనక్సును దానిలోనికి ఎక్కించి, ఆ తరువాత గాని యంత్రము ముందు కూర్చుండ వీలులేదు. ఈ తతంగ మక్కఱలేకయే, ఇంటి ఇంటర్నెట్టునకు కావలికాయు ఫైర్‌వాల్ రౌటరు చేతనే యంత్రమునకు మేలుకొలుపు పాడించు విధానమొకటి కలదు. దానిని నెట్‌వర్క్ బూటింగు అందురు.

ఇది నేటి వింత గాదు. డిస్కుల వెల మిక్కిలి హెచ్చుగా నున్న 1980లలో సన్ మైక్రోసిస్టమ్స్ వారు డిస్కు లేని వర్క్‌స్టేషనులనే అమ్మిరి. అవి ప్రతి ఉదయమును తీగ మీదుగానే ప్రాణము పోసికొనెడివి. చిన్న ఫైళ్లను చేరవేయు టీఎఫ్‌టీపీ 1981 నాటికే వ్రాతలో నుండెను. నిద్రలేచిన యంత్రమునకు చిరునామా చెప్పు బూట్‌పీ 1985లోను, దాని సంతానమైన డీహెచ్‌సీపీ యొక్క నేటి ప్రమాణము 1997లోను వెలువడినవి. వీటినన్నిటిని ఒక్కత్రాట కట్టి ఇంటెల్ సంస్థ 1999లో ప్రకటించిన పీఎక్స్‌ఈ 2.1 అను ఒప్పందమే నేటికిని మన బల్లమీది కంప్యూటర్లలో నివసించుచున్నది. మనము పిలువము గనుక అది పలుకదు, అంతియే.

అప్పుడే కన్ను తెఱచిన యంత్రమునకు తన పేరు తెలియదు, ఊరు తెలియదు; నెట్‌వర్క్ కార్డు పుట్టినప్పుడే దానికి దక్కిన 48 బిట్ల సంఖ్య యొక్కటియే అది యెఱిగినది. ప్రొద్దుక్రుంకిన పిదప క్రొత్త ఊర బండి దిగిన బాటసారి నడివీథిని నిలిచి ‘ఇచ్చట బస యెవరైన నిత్తురా’ యని కేకవేసినట్లు, అది 255.255.255.255 అను చిరునామాకు, అనగా ఇంటి తీగలమీదనున్న వారందఱకును వినబడునట్లు, తన విన్నపమును పంపును. తాను తీగ మీదుగా మేల్కొనగోరుచున్నాననియు, తన కట్టడి పాత బయాస్ రీతిదో క్రొత్త యూఈఎఫ్‌ఐ రీతిదో కూడ ఆ కేకలోనే చెప్పుకొనును. ఇండ్లలో చిరునామాలు పంచు పని రౌటరుదే గదా! అది ‘నీ చిరునామా ఇది’ యని మాత్రమే పలికి యూరకున్నచో, బాటసారికి బస దొరకినది గాని అన్నము దొరకలేదు. ‘అన్నము ఫలానా యింట నున్నది, పోయి ఫలానా పాత్ర నడుగుము’ అను రెండు మాటలను చేర్చినప్పుడే కార్యము నెఱవేఱును. డీహెచ్‌సీపీ ప్రమాణమునందలి 66వ, 67వ అంశము లిందుకొఱకే యేర్పడినవి. రౌటరునందు మనము చేయవలసిన మార్పు దాదాపుగా ఇంతమాత్రమే. తక్కినదంతయు వంటింటి పని.

ఫైర్‌వాల్ అనగానే, ఇందుకై బయటి గోడకు ఏదో కన్నము పెట్టవలసియుండునని కొందఱు భయపడుదురు. ఆ భయము నిష్కారణము. ఈ సంభాషణ యంతయు గడపలోపలనే జరుగును. బయటినుండి లోనికి తెఱువవలసిన ద్వారమొక్కటియు లేదు. ఇండ్లలో ఉత్సాహవంతులు వాడు పీఎఫ్‌సెన్స్ అను ఉచిత ఫైర్‌వాలునే ఉదాహరణముగా గైకొన్నచో, దాని డీహెచ్‌సీపీ సర్వర్ పుటయందే నెట్‌వర్క్ బూటింగ్ అను భాగమున్నది. అందు ‘నెక్స్ట్ సర్వర్’ అనుచోట ఫైళ్లున్న యంత్రపు చిరునామాను, ఉదాహరణకు 192.168.1.20ని, వ్రాసి, దాని క్రింద బయాస్ యంత్రములకొక ఫైలు పేరును, 64 బిట్ల యూఈఎఫ్‌ఐ యంత్రములకు వేఱొక ఫైలు పేరును ఇచ్చిన చాలును. ఒకరి భోజనము ఇంకొకరికి సరిపడదు గనుక ఈ రెండు గదులును వేఱువేఱుగా నున్నవి. ఫైళ్లను ఫైర్‌వాలులోనే నిలువచేయుటకును టీఎఫ్‌టీపీ ప్యాకేజి దొరకును గాని, కావలివాని నెత్తిన ధాన్యపు బస్తా మోపుట నా కిష్టము లేదు. మూలనున్న చిన్న లైనక్సు యంత్రమో రాస్ప్‌బెర్రీ పై బిళ్ళయో ఆ భారమును సుఖముగా మోయగలదు. అయితే ఆ యంత్రమును కంప్యూటరున్న నెట్‌వర్కునందే యుంచుట మేలు. టీఎఫ్‌టీపీ యందు అడుగుట 69వ పోర్టున, బదులు వచ్చుట మఱియొక పోర్టు నుండి. రెండు నెట్‌వర్కుల నడుమ ఫైర్‌వాలు నిలిచినప్పుడు, తట్టిన తలుపొకటియై తెఱచుకొన్న తలుపు వేఱొకటి యగుటచే దానికి అనుమానము పుట్టి, ఆ బదులును త్రోసిపుచ్చును.

టీఎఫ్‌టీపీ మఱి మిక్కిలి నిదానస్తురాలు. తన సహజరూపమున అది ఫైలును 512 బైట్ల తునుకలుగా పంపి, ప్రతి తునుకకును ‘అందినది’ యన్న జవాబు వచ్చువఱకు రెండవదానిని కదల్పదు. ఒక గిగాబైటునకు ఇట్టి తునుకలు 20 లక్షలకు పైబడును. ఒక్కొక్కదానికి సెకండులో వెయ్యవవంతే పట్టినదనుకొన్నను, అరగంట దాటవలసినదే. కావున తెలిసినవారు దానిచేత ఐపీఎక్స్‌ఈ అను చిన్న ఫైలును మాత్రమే తెప్పించి, పెద్ద మూటలను మోయు పనిని ఆ ఫైలు ద్వారా హెచ్‌టీటీపీకి అప్పగింతురు. ఇందులో ఒక చిక్కున్నది. మేల్కొన్న ఐపీఎక్స్‌ఈ తానును మరల చిరునామా అడుగును. రౌటరు పాత పాఠమునే యప్పగించి మరల ఐపీఎక్స్‌ఈనే తెమ్మనును. గానుగెద్దు నడకకు అంతముండదు. రెండవమారు అడుగునది తన పేరు ఐపీఎక్స్‌ఈ యని చెప్పుకొనును గనుక, ఆ పేరు వినబడినప్పుడు వేఱు జవాబిమ్మని రౌటరునకు నేర్పవలెను. అంత ఓపిక లేనివారికి నెట్‌బూట్ డాట్ ఎక్స్‌వైజడ్ అను సిద్ధాన్నము కలదు. తరువాత ఎక్కడికి పోవలెనో దాని కడుపులోనే వ్రాసియుండుటచే గానుగ తిరుగుట తప్పును. తెరమీద పదులకొలది లైనక్సు రకముల పట్టిక ప్రత్యక్షమై, ఏరుకొన్నది ఇంటర్నెట్టునుండి దిగును.

యంత్రము తొలుత విన్న మాటనే నమ్ముననియు, టీఎఫ్‌టీపీకి రహస్యపదమన్నది తెలియదనియు మఱవరాదు. నేను ఈ సదుపాయమును ఇంటివారి నెట్‌వర్కునకే యుంచితిని. చుట్టములకిచ్చు వైఫైకి ఇయ్యలేదు. క్రొత్త యంత్రములలో సెక్యూర్ బూట్ అను కట్టుబాటు ముద్రలేని ఫైలును తిరస్కరించును. పని జరుగువఱకు దానిని సడలించి పిదప మరల బిగించితిని.

ఇంత తెలిసియు మొదటి రాత్రి నేను రెండు గంటలు తెల్లబోయి కూర్చుంటిని. తెరమీద పీఎక్స్‌ఈ-ఈ53 అని పడుచుండెను. అసలెవ్వరును పలుకనిచో ఈ51, ఫైలున్న యిల్లు పలుకనిచో ఈ32. ఈ53 అనగా, చిరునామా అందినది గాని ఫైలు పేరు చెప్పిన నాథుడు లేడని యర్థము. పీఎఫ్‌సెన్స్ పుటను ఐదుమార్లు సరిచూచితిని, అక్షరమైనను తప్పులేదు. వంటింటినుండి వచ్చిన మేనల్లుడు నా వెనుక క్షణకాలము నిలిచి, “మామయ్యా, వైరు ఏ పెట్టెకి పెట్టారు?” అనెను. వంగి చూడగా, నా ఫైర్‌వాలు ప్రక్కనే యున్న ఇంటర్నెట్టు వారి పెట్టెలో గ్రుచ్చియుంటిని. అదియును చిరునామాలు పంచునదియే. తీగను ఒక జానెడు ఇవతలికి మార్చితిమి.