పెరటి పురుగు – పసివాని ప్రశ్న

ఇంకను బడికి పోని మూడు నాలుగేండ్ల బిడ్డలకు జంతువులను గూర్చి చెప్పవలయునన్న మనమెల్లరము రంగుల బొమ్మల పుస్తకము తెరచెదము. అందు సింహము, జిరాఫీ, మంచునాటి తెల్లయెలుగుబంటి యుండును. బిడ్డడు ఆ పేర్లను చిలుకవలె వల్లించును. కాని పెరటి కరివేపచెట్టుపై నేమి ప్రాకుచున్నదో యెరుగడు. చూడబోయినచో "బూచి" యని మనమే వెనుకకు లాగుదుము.

వానకాలమున కరివేప లేతాకులపై గసగసపు గింజయంత లేతపసుపు గ్రుడ్డు కానవచ్చును. అది నల్లని సీతాకోకచిలుక పెట్టినది. అందుండి వెడలిన పురుగు తొలుత పిట్టరెట్టవలె నుండును. పక్షులు తినక విడిచిపోవుటకే యా వేషము. నాలుగవ కుబుసము విడిచిన పిమ్మట ఆకుపచ్చనగును. తాకినచో తలవెనుకనుండి యెర్రని కవకొమ్ము చాచి ఘాటైన వాసన వదలును. దీనిని రెమ్మతోగూడ గాజుజాడీలో నుంచి, మూతకు మారు పలుచని గుడ్డ కట్టి, దినదినమును క్రొత్తయాకు వేయవలయును. ఆ పని బిడ్డదే కావలెను. చేతికి పని యిచ్చిననే బుద్ధి వికసించునని, 1939లో మదరాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చిన మరియా మాంటిసోరీగారును బోధించిరి. పురుగు తిండి మాని, నడుమునకు పట్టుపోగుతో మొలత్రాడు కట్టుకొని, కదలని కోశమగును. ఇంచుమించు పది దినములకు ముడుతలుపడిన రెక్కలతో సీతాకోకచిలుక వెలువడి, వ్రేలాడుచు వానిని తానే చాచుకొనును. సాయము చేసెదనని చేయి చాచు బిడ్డను ఆపవలసిన గడియ యిది.

నూగుగల గొంగళిపురుగును మాత్రము తాకనీయరాదు, దద్దురులు పుట్టును. తేలుగాని పాముగాని కనబడినచో కదలక నిలిచి పెద్దలను పిలువుమని ముందే నేర్పుడు.

ఇక చిక్కు వచ్చునది గోడమూలనున్న మట్టిగూటితో. కందిరీగ పురుగును దెచ్చి అందు మూయును. కొన్నాళ్లకు కందిరీగయే వెలువడును. పురుగు భయముచే నిరంతరము కందిరీగనే తలచి అదియే యైనదని పెద్దలు చెప్పిరి. భాగవతము నేకాదశస్కంధమున అవధూత తన 24 గురువులలో దీనిని గూడ నెన్నెను. వేదాంతుల భ్రమరకీటన్యాయ మిదియే. జరుగునది వేరు. తల్లికందిరీగ పురుగును చంపక, కుట్టి కదలకుండ జేసి, అందు తన గ్రుడ్డు నుంచి మూయును. పుట్టిన పిల్ల ఆ పురుగును దినియే పెరుగును. కొన్ని జాతులు సాలెపురుగులను దెచ్చును.

తన చేతితో ఆకు వేసి పురుగును పెంచిన బిడ్డకు ఈ మాట చెప్పుటెట్లు? కొందరు తల్లులు వలదందురు, పాతకథయే చాలునందురు. మా మతము చెప్పవలయుననియే. "కందిరీగమ్మ తన పాపకు అన్నము దాచినది" అనిన నాలుగేండ్లవానికి చాలును. ఏడ్చిన నేడ్వనిండు. "మరి పురుగు వాళ్లమ్మ రాలేదేమి?" అని యడిగినచో, సీతాకోకచిలుక గ్రుడ్లు పెట్టి పోవును, మరల రాదని యున్నదున్నట్లు చెప్పుడు. అంతమాత్రమున వేదాంతమునకు లోపము లేదు. ఆ యుపమానము మనస్సును గూర్చినదేగాని పురుగును గూర్చినది కాదు. అది బిడ్డ పెద్దయైన పిమ్మట చెప్పుకొనవచ్చును.

పెరడులేని అంతస్తుల యిండ్లలో కుండీలోని నిమ్మమొక్కయైనను చాలును. సీతాకోకచిలుకలు వెదకికొని వచ్చును. బజారున కొన్న కరివేపాకును మాత్రము జాడీలో వేయకుడు. దానిపై మందు చల్లియుండినచో మరునాటికి పురుగు చచ్చును.