మనోనిగ్రహమే మహాతపస్సు

సాయంసంధ్యలో ఆచమనం చేస్తూ, పగటిపూట చేసిన పాపాలను పోగొట్టమని వేడుకునే మంత్రం ఒకటుంది. అందులో పాపానికి సాధనాలను వరుసగా పేర్కొంటారు. మొదట మనస్సు, పిదప వాక్కు, ఆ తరువాతే చేతులు, కాళ్లు. చేయి చేసిన తప్పును లోకం చూస్తుంది. మనస్సు చేసిన తప్పుకు అంతర్యామియే సాక్షి.

భగవద్గీత రెండవ అధ్యాయంలోని 62, 63 శ్లోకాలు మానవుని పతనక్రమాన్ని ఎనిమిది మెట్లుగా చూపుతాయి. విషయచింతన వలన ఆసక్తి, దానివలన కోరిక, కోరిక వలన క్రోధం, క్రోధం వలన మోహం, ఆపై స్మృతిభ్రంశం, బుద్ధినాశం, చివరకు సర్వనాశం. అన్నదమ్ముల గట్టు తగాదాకు బీజం పడేది, తనకే అన్యాయం జరిగిందని ఒకరు రాత్రంతా తలపోసిన నాడే. క్రోధం పుట్టాక నిలువరించడం కష్టం. తలపుగా ఉన్నప్పుడే మళ్లించడం తేలిక.

మనస్సును నిగ్రహించడం గాలిని బంధించడమంత దుష్కరమని ఆరవ అధ్యాయంలో అర్జునుడు మొరపెట్టుకున్నాడు. శ్రీకృష్ణుడు ఆ మాట కాదనలేదు. అభ్యాస వైరాగ్యాలతో అది సాధ్యమేనని ధైర్యం చెప్పాడు. పతంజలి మహర్షి యోగసూత్రాలలో చెప్పిన ఉపాయాలూ ఆ రెండే. చెడు తలపులు బాధించినప్పుడు ప్రతిపక్షభావన చేయమనీ, అంటే వాటి ఫలం అంతులేని దుఃఖమూ అజ్ఞానమూ అని తలచుకోమనీ ఆయన బోధించాడు.

మనస్సు ఎన్నిసార్లు జారిపోయినా అన్నిసార్లూ ఇష్టదైవం చెంతకు మరలించడమే అభ్యాసం. సంధ్యాదీపం వెలిగించే వేళ, ఆనాడు మన తలపులు ఎటు సంచరించాయో క్షణకాలం విచారిద్దాం. ఆ విచారణ నిత్యపూజలో భాగం కావాలి.