మందలు నడిచిన మొలీసే

ఇటలీ పల్లెసీమ మీద ముఖచిత్ర కథనం కావాలని సంపాదకుడు అడిగారు. ఇటలీ పల్లె అనగానే ఎవరికైనా టస్కనీయే గుర్తొస్తుంది. ద్రాక్షతోటలు, సైప్రస్ చెట్ల బారులు, సినిమా పాటల్లో చూసిన కొండలు. నేను మొలీసేను ఎంచుకున్నాను. అందుకు కారణం ఒక ఉత్తరం. సుమారు పద్దెనిమిది వందల యాభై ఏళ్ల కిందట రాతి మీద చెక్కించింది, గొర్రెల కాపరుల తగాదా గురించి రాసింది.

రోముకు ఆగ్నేయంగా, అపెన్నైన్ కొండలకూ ఏడ్రియాటిక్ సముద్రానికీ నడుమ ఉంటుంది మొలీసే. విస్తీర్ణం 4,460 చదరపు కిలోమీటర్లు, జనాభా 3 లక్షల లోపే. ‘మొలీసే అనేది లేనే లేదు’ అని ఇటాలియన్లు సరదాగా అంటుంటారు. ఆ సరదా నాకు నచ్చదు. వెయ్యేళ్లు కాదు, రెండు వేల ఏళ్లకు పైగా మనుషులూ జీవాలూ నడిచిన నేల అది.

మతేసే కొండల కింద, తమ్మారో నది లోయలో సైపీనుం అనే రోమన్ పట్టణం శిథిలాలున్నాయి. చుట్టూ ప్రాకారం, నాలుగు ద్వారాలు. ఆ పట్టణానికి రాచవీధి వేరే లేదు, మందలు నడిచే దారే రాచవీధి. వేసవిలో కొండల మీది పచ్చికకు ఎక్కే మందలు, చలికాలం పూలియా మైదానాలకు దిగే మందలు ఒక ద్వారంలోంచి ఊళ్లోకొచ్చి ఇంకో ద్వారంలోంచి బయటపడేవి. పక్క ఊరు బొయానో వైపు ద్వారం తోరణానికి అటూ ఇటూ బందీల శిల్పాలున్నాయి. ఆ ద్వారం రాళ్ల మీదే ఉంది ఉత్తరం.

నిజానికి అవి మూడు ఉత్తరాలు, ఒకదాని కింద ఒకటి. కింద నుంచి పైకి చదివితే సంగతి అర్థమవుతుంది. అది మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి కాలం. చక్రవర్తి మందలను గుత్తకు తీసుకున్నవాళ్లు ఖజానా అధికారి సెప్టిమియానస్ దగ్గర మొరపెట్టుకున్నారు. సైపీనుంలోనూ బొయానోలోనూ దారి చౌకీల సిపాయిలు, ఊరి అధికారులు మందలను ఆపేస్తున్నారట. జీతానికి కుదిరిన కాపరులను పట్టుకుని ‘మీరు పారిపోయిన బానిసలు, ఈ జీవాలు దొంగసొత్తు’ అంటున్నారట. ఆ గందరగోళంలో చక్రవర్తి గొర్రెలు కూడా తప్పిపోతున్నాయట. ఎన్నిసార్లు రాసినా అధికారులు లెక్కచేయలేదు. ‘నీ ఉత్తరాలే కాదు, నీ పైవాడి ఉత్తరాలనూ ఖాతరు చేయం’ అన్నట్టుగా మాట్లాడారు. సెప్టిమియానస్ తన పై అధికారి, ఖజానా లెక్కల పెద్ద కోస్మస్‌కు రాశాడు. కోస్మస్ ఆ ఉత్తరాన్ని జతచేసి చక్రవర్తి అంగరక్షక దళం అధిపతులు బస్సేయస్ రూఫస్, మాక్రినియస్ విండెక్స్‌లకు పంపాడు. వాళ్లిద్దరూ సైపీనుం అధికారులకు నాలుగు ముక్కల్లో తేల్చి చెప్పారు: గుత్తేదార్లను వేధించడం మానండి, ఖజానాకు నష్టం జరుగుతోంది, మానకపోతే విచారణా శిక్షా తప్పవు. కాగితాల మీద కాగితం, సంతకం మీద సంతకం. ఏ తాలూకా కచేరీ ఫైలు తిరగేసినా ఈ వరస కనిపిస్తుంది.

ఇంత వ్యవహారంలో ఒక్క కాపరి పేరు లేదు. గుత్తేదార్లు ఫిర్యాదు చేశారు, లెక్కలవాళ్లు రాశారు, దళాధిపతులు బెదిరించారు. దారిలో పట్టుబడి నిలబడ్డవాడు మాత్రం ‘జీతగాళ్లు’ అన్న మాటలో కలిసిపోయాడు. వాడి గోడు రోముదాకా చేరాలంటే అది ఖజానా నష్టంగా మారాల్సి వచ్చింది. ఊరి అధికారుల అనుమానం పూర్తిగా కల్పితమని కూడా అనను. పారిపోయిన బానిసకు మందలో కలిసిపోవడం కంటే మంచి మరుగు దొరకని కాలమది. అయినా నా మనసు కాపరి వైపే మొగ్గుతుంది. స్థిరంగా ఉన్న ఊరికి, తిరిగే మనిషి మీద ఎప్పుడూ అనుమానమే. ఆ ఉత్తరాన్ని ఎవరికీ కనిపించని పెట్టెలో దాచకుండా, తప్పు చేసినవాళ్ల ఊరి గుమ్మానికే చెక్కించారు. అది నాకు ఎంతో నచ్చింది.

చరిత్రను వేగంగా చెప్పేస్తాను. ఇక్కడి పాత తెగ సామ్నైట్ల చేతిలోని సైపీనుంను క్రీ.పూ. 293లో రోమ్ గెలుచుకుంది. సామ్రాజ్యం కూలాక పెద్ద మందల ప్రయాణాలు సన్నగిల్లాయి. 1447లో నేపుల్స్ రాజు అరగాన్ అల్ఫోన్సో మందల దారులకు కొత్త కట్టుబాట్లు చేశాడు. పూలియాలో మేతకు దిగే మందల మీద పన్ను వసూలు చేసే కచేరీ తర్వాత ఫొజ్జా పట్టణంలో స్థిరపడింది. మనం పుల్లరి అంటామే, అలాంటిదే. పల్నాడులో కన్నెగంటి హనుమంతు ప్రాణం తీసిన పుల్లరి గుర్తున్నవాళ్లకు ఆ కచేరీ బరువు చెప్పక్కర్లేదు. పెద్ద దారులకు 111 మీటర్ల వెడల్పు ఖాయం చేశారు. సైపీనుం మీదుగా పోయే పెస్కసెరోలి–కండెలా దారి పొడవు 211 కిలోమీటర్లు. 1806లో ఆ కచేరీ రద్దయింది. దారులు పొలాలయ్యాయి, జనం పరదేశాలకు వలసపోయారు. 1963లో మొలీసే అబ్రుజో నుంచి విడిపోయి ప్రత్యేక ప్రాంతమైంది.

బాక్స్: ఇవీ మొలీసేలోనే

అన్యోనే ఊళ్లో మరినెల్లి కుటుంబం చర్చి గంటలు పోస్తుంది. తమ వృత్తి 1339 నాటిదని చెప్పుకుంటారు. పోపు చిహ్నం వాడుకునే హక్కు 1924లో దక్కింది. ఇదే ఊళ్లో డిసెంబరు 24 సాయంత్రం మగవాళ్లు నిలువెత్తు కాగడాలు భుజాన మోస్తూ ఊరేగుతారు.

ఏడ్రియాటిక్ దాటి వచ్చినవాళ్ల సంతతి మూడు ఊళ్లలో ఇప్పటికీ క్రొయేషియన్ మాండలికం, నాలుగు ఊళ్లలో అల్బేనియన్ మాట్లాడుతుంది.

సైపీనుం రంగస్థలం మెట్ల చుట్టూ తర్వాతి కాలపు రైతులు ఇళ్లు కట్టుకున్నారు. తవ్వకాలు జరిపినవాళ్లు వాటిని కూల్చలేదు.

ఇప్పుడు మందల దారుల్లో గొర్రెలు కాదు, ఆవులు నడుస్తున్నాయి. మే నెల చివర్లో ఒక కుటుంబం దాదాపు 300 పొదోలికా ఆవులను పూలియాలోని సాన్ మార్కో ఇన్ లామిస్ నుంచి ఫ్రొసొలోనే కొండలకు తోలుకొస్తుంది. దాదాపు 180 కిలోమీటర్లు, నాలుగు రోజుల నడక. మందలతో సాగే ఈ కాలానుగుణ ప్రయాణాలను యునెస్కో 2019లో గుర్తించింది. అదే ఏడాది మొలీసే ప్రభుత్వం ఇంకో ప్రకటన చేసింది: రెండు వేల లోపు జనాభా ఉన్న ఊరికి వచ్చి స్థిరపడి, ఏదో ఒక వ్యాపారం పెట్టుకుంటే మూడేళ్లు నెలకు 700 యూరోలు. ఊళ్లు ఖాళీ అవుతుంటే డబ్బిచ్చి పిలవడాన్ని తప్పుపట్టను. కానీ మొలీసే తన దగ్గరున్నదాన్ని ముందు కాపాడుకోవాలి. 1976లోనే ఈ దారులను పురావస్తు సంపదగా రక్షించాలని ఇటలీ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికే చాలా మేర దున్నేశారు, కొంత మేర కట్టడాలు లేచాయి. మిగిలిన పచ్చిక బాటను అంగుళం పోకుండా నిలబెట్టడం కొత్త జనాన్ని రప్పించడం కంటే పెద్ద పని, దానికి అయ్యే ఖర్చు కూడా తక్కువ.

మొలీసేకు విమానాశ్రయం లేదు. రోము నుంచో నేపుల్స్ నుంచో కంపొబాసో చేరుకుంటే సైపీనుం శిథిలాలున్న సెపీనో దగ్గరే. ఇటలీ వెళ్లే తెలుగువారు వెనిస్‌కు కేటాయించే రోజుల్లో ఒక్కటి దీనికి మిగిల్చండి. వీలైతే మే చివర్లో వెళ్లండి.