ఆకాశంలో బూజుకర్ర

దసరా ముందు బోధన్‌లో మా అత్తమ్మ వాళ్లింట్లో బూజు దులుపుతున్నాను. పొడుగాటి వెదురుకర్ర. నేను చెయ్యి ఇటు తిప్పితే కొస అటు ఊగి ట్యూబులైటు పగిలింది! "ఊగుడు ఆగినంక తిప్పాలె బిడ్డా" అంది అత్తమ్మ. ఆవిడ చేతిలో అదే కర్ర చెప్పినట్టు వింటుంది. ఎలాగని అడిగితే చెప్పలేదు. చేతికి అలవాటంతే.

ఇదే తంటా అంతరిక్షంలోనూ ఉందంటే నమ్ముతారా? 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఇస్రో, నాసాల నిసార్ ఉపగ్రహం వెళ్లింది కదా. దాని రాడార్ యాంటెన్నా వెడల్పు 12 మీటర్లు, బరువు 64 కిలోలే! బంగారు పూత వేసిన సన్నటి తీగల జాలీ అది. మడిచి పంపి, 9 మీటర్ల చేయి చివర ఆగస్టు 15న గొడుగులా విప్పారు. మబ్బులున్నా, చీకటైనా నేల తడినీ, పైరునీ చూస్తుంది. మన బోధన్ చెరుకు మళ్లను కూడా.

ఇంత పల్చటివి ఊగకుండా ఉంటాయా? పైన గాలి కూడా లేదాయె, ఊపు ఓ పట్టాన ఆగదు. 1990లో పంపిన హబుల్ టెలిస్కోపు నీడలోంచి ఎండలోకి వచ్చినప్పుడల్లా, దాని సౌరఫలకాలు వేడికి వంగి మొత్తాన్ని వణికించేవి. 1993లో మనుషులు పైకెళ్లి వాటిని మార్చాల్సి వచ్చింది.

ఊపు రేగకుండా ఎలా తిప్పాలో ఇంజినీర్లు ముందే లెక్కకట్టి కంప్యూటర్‌కు రాసిస్తారు. చిక్కేమిటంటే, బరువు లేనిచోట ఊగేదాన్ని నేలమీద సరిగ్గా పరీక్షించలేరు. పైగా ఏళ్లు గడిస్తే బిగువూ మారుతుంది. అందుకే కొందరు పరిశోధకులు కృత్రిమ మేధను నమ్ముకుంటున్నారు. అదీ అత్తమ్మలాగే చేసిచేసి నేర్చుకుంటుంది. కంప్యూటర్‌లోని ఉత్తుత్తి ఉపగ్రహాన్ని మళ్లీమళ్లీ తిప్పుతుంది. ఊపు తగ్గితే మార్కులు, పెరిగితే కోత! 2025 అక్టోబరు 30న జర్మనీలోని వూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇలా సాధన చేసిన మేధకు ఇన్నోక్యూబ్ అనే బుల్లి ఉపగ్రహాన్ని అప్పగిస్తే, చెప్పిన దిక్కుకే తిప్పింది. అయితే అది రెండు చేతుల్లో పట్టేంతది. నిసార్ లాంటి పొడుగు చేయి దానికి లేదు.

నా భయమల్లా ఒకటే. ఎందుకలా తిప్పావంటే ఆ మేధ కూడా చెప్పలేదు. ట్యూబులైటైతే బజారుకెళ్లి తెచ్చుకుంటాం. 700 కిలోమీటర్ల పైన యాంటెన్నా విరిగితే తెచ్చేదెవరు? పాత లెక్కల పద్ధతిని కాపలాగా పక్కనే ఉంచి, తేడా వస్తే పగ్గాలు దానికివ్వడమే మంచిదనిపిస్తుంది నాకు.

ఇదంతా చెబితే అత్తమ్మ శ్రద్ధగా వింది. "ముందుగాల చిన్న కర్ర ఇచ్చిండ్రన్నట్టు. మంచిగనే చేసిండ్రు" అంటూ నా చేతిలోని వెదురుకర్ర లాక్కుని, పొట్టిది చేతికిచ్చింది.